శాఖా గ్రంథాలయంలో పేపర్లు కాక ఇంకేం అడగొచ్చు?

కొత్త చదువరి

అందరికీ నమస్కారం. మాది మండల కేంద్రం. బస్టాండు వెనక శాఖా గ్రంథాలయం ఉంది. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు అని బోర్డు మీద రాసి ఉంది. లోపలికి వెళ్తే పేపర్లు తిరగేసేవాళ్ళే తప్ప పుస్తకం పట్టుకున్నవాళ్ళు కనబడరు. బీరువాలన్నిటికీ తాళాలు. ఏం అడగాలో, ఎలా అడగాలో తెలియక బయటికొచ్చేశాను. తెలిసినవాళ్ళు ఈ మూడూ చెప్పగలరా?

అద్దె ఇంట్లో ఉంటున్నాం, ఆధార్‌లో పాత ఊరి అడ్రసే ఉంది. సభ్యత్వం ఇస్తారా, డిపాజిట్ వెనక్కి వస్తుందా?

గ్రూప్-2కి చదువుతున్నాను. అక్కడున్న పుస్తకాలు పనికొస్తాయా? లేనివి తెప్పించమని అడగొచ్చా?

మా నాయనమ్మకి 1950ల, 60ల నవలలు, వారపత్రికల సీరియళ్ళు కావాలి. చిన్న అక్షరాలు కనబడవు. దీనికేమైనా దారి ఉందా?

పాత బీరువా

తాళం చూసి వెనక్కి రాకండి. గ్రంథాలయంలో అప్పుడప్పుడూ స్టాకు సరిచూస్తారు. లెక్కకి తగ్గిన పుస్తకానికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది లైబ్రేరియనే. హాల్లో ముప్పై మంది పేపర్లు చదువుతుంటే ఒక్క మనిషి అన్ని బీరువాల మీదా కన్నేసి ఉంచలేరు కదా, అందుకే తాళం. అడిగితే తీస్తారు. అయితే "మంచి పుస్తకాలేమైనా ఉన్నాయా సార్" అంటే పని జరగదు. పుస్తకం పేరో రచయిత పేరో చెప్పండి, లేకపోతే "చరిత్ర బీరువా ఒకసారి చూస్తానండీ" అనండి. పొద్దున తొమ్మిదిన్నర దాకా పేపర్ల రద్దీ ఉంటుంది, ఆ తర్వాత వెళ్తే తీరిగ్గా చూపిస్తారు. మూసే వేళకి పది నిమిషాల ముందు వెళ్ళి ఇష్యూ చేయమంటే ఎవరికైనా చిరాకే.

సభ్యత్వానికి ఫారం అక్కడే ఇస్తారు. మామూలుగా అడిగేవి ఫొటోలు, ఆధార్ నకలు, డిపాజిట్ సొమ్ము. డిపాజిట్ ఎంత, దానికి ఎన్ని పుస్తకాలు ఇస్తారు అన్నది అన్ని చోట్లా ఒకటి కాదు, కాబట్టి పక్క జిల్లా స్నేహితుడు చెప్పిన అంకె నమ్ముకుని వెళ్ళకండి. అది ఫీజు కాదు, సభ్యత్వం మానుకున్న రోజు తిరిగిచ్చే సొమ్ము. అద్దె ఇంటివాళ్ళకి అడ్డం పడేది హామీ సంతకం. చాలా ఫారాల్లో కింద ఒక భాగం ఉంటుంది, ఆ ఊళ్ళో ఇంటి పన్ను కట్టేవాళ్ళో ప్రభుత్వ ఉద్యోగో "ఈయన పుస్తకం ఎగ్గొడితే నాదీ బాధ్యత" అన్నట్టు సంతకం పెట్టాలి. మీ ఇంటి ఓనరు చేత పెట్టించి, ఆయన పన్ను రసీదు నకలు జతచేయండి. ఆధార్‌లో పాత అడ్రసు ఉన్నందుకు అద్దె కాగితమో గ్యాస్ పుస్తకమో వెంట తీసుకెళ్ళండి.

డిపాజిట్ వెనక్కి రాకపోవడం అనేది దాదాపు ఎప్పుడూ రసీదు పోయినందువల్లే. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థ ఖాతాకి జమ అవుతుంది, లైబ్రేరియన్ సొరుగులో ఉండదు. తిరిగి ఇవ్వాలంటే రసీదు నంబరు, తేదీ పట్టుకుని లెక్కల్లో వెతకాలి. పదేళ్ళ తర్వాత "అప్పుడెప్పుడో కట్టానండీ" అంటే ఎవరు వెతుకుతారు? రసీదు చేతికి రాగానే ఫోన్లో ఫొటో తీసుకోండి, నంబరు మీ సభ్యత్వ కార్డు వెనకాల రాసుకోండి. తీసుకోవడానికి వెళ్ళినప్పుడు పుస్తకాలేవీ బాకీ లేవని ముందు రాయించుకుని, రసీదు అసలు కాపీ దరఖాస్తుకి జతచేసి ఇవ్వండి. మీ దగ్గర నకలు ఉంచుకోండి.

ఇక పుస్తకం ఇచ్చే పద్ధతి ఒకసారి చూసిపెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు. కంప్యూటర్ లేని శాఖలో పుస్తకం చివరి అట్ట లోపల చిన్న కాగితపు జేబు అంటించి ఉంటుంది. అందులో బుక్ కార్డు, దాని మీద పుస్తకం పేరు, యాక్సెషన్ నంబరు (పుస్తకం గ్రంథాలయానికి వచ్చిన వరస సంఖ్య). జేబు ఎదురుగా తేదీల చీటీ. ఇచ్చేటప్పుడు కార్డు తీసుకుని మీ సభ్యత్వ నంబరు దాని మీద రాసి, తేదీల వరసలో పెట్టుకుంటారు, చీటీ మీద గడువు తేదీ ముద్ర వేస్తారు. తిరిగిచ్చినప్పుడు అదే కార్డు వెతికి జేబులో పెట్టేస్తేనే మీ బాకీ తీరినట్టు. చాలామంది చేసే పొరపాటు, లైబ్రేరియన్ లేని సమయంలో పుస్తకం బల్ల మీద పెట్టి వచ్చేయడం. ఎవరో తీసి బీరువాలో సర్దేస్తారు, కార్డు మాత్రం మీ పేరు మీదే ఉండిపోతుంది. ఆర్నెల్ల తర్వాత నోటీసు. కార్డు జేబులోకి వెళ్ళడం కళ్ళారా చూసి కదలండి. రిజిస్టరు పద్ధతైతే మీ పద్దు కొట్టేసి సంతకం పెట్టడం చూడండి.

పుస్తకం పోతే అదే కూర్పు (ఎడిషన్) కొని ఇవ్వడం నయం. డబ్బు కడతానంటే పాత ధర చూడరు, ఇప్పటి ధర, దాని మీద కొంత. సంపుటాల సెట్టులో ఒక్క భాగం పోగొడితే మొత్తం సెట్టు ధర అడిగే నియమం చాలా గ్రంథాలయాల్లో ఉంది. విడిగా ఆ ఒక్క భాగం ఎవరూ అమ్మరు కాబట్టి. అందుకని సెట్లలోవి అక్కడే కూర్చుని చదవడం మంచిది.

ప్రిలిమ్స్ బెంచీ

గ్రూప్-2 గురించి నేను చెప్తాను.

శాఖలో ఉన్న పోటీ పరీక్షల పుస్తకాల్ని రెండు కుప్పలుగా చూడండి. మూల గ్రంథాలు ఒక కుప్ప: తెలుగు అకాడమీ డిగ్రీ, ఇంటర్ పుస్తకాలు, ఎన్‌సీఈఆర్‌టీ, రాజ్యాంగం, చరిత్ర, భూగోళం. ఇవి పదేళ్ళ పాతవైనా చాలా భాగం పనికొస్తాయి. గైడ్లు, కరెంట్ అఫైర్స్, బిట్ బ్యాంకులు రెండో కుప్ప. వీటిని ముందు అచ్చయిన ఏడాది చూసి గానీ ముట్టుకోవద్దు. టైటిల్ పేజీ వెనక్కి తిప్పి చూడండి. "పునర్ముద్రణ" అని కొత్త ఏడాది వేసి లోపల పాత సరుకే పెట్టినవి బోలెడు.

పాతబడిందో లేదో తేల్చడానికి ఓ పది నిమిషాలు చాలు. తెలంగాణ పుస్తకమైతే జిల్లాల సంఖ్య చూడండి: 10 అంటే 2016 అక్టోబరుకి ముందుది, 31 అంటే ఆ తర్వాతిది, 33 అంటే 2019 తర్వాతిది. ఆంధ్ర పుస్తకంలో 13 జిల్లాలే ఉంటే 2022 ఏప్రిల్‌కి ముందు రాసింది. పన్నుల అధ్యాయంలో జీఎస్టీ లేకపోతే 2017 జూలైకి ముందుది. చట్టాల భాగంలో భారతీయ శిక్షా స్మృతి (ఐపీసీ) సెక్షన్లే ఉండి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఊసే లేకపోతే 2024 జూలై 1కి ముందుది, ఆ అధ్యాయం వదిలేయండి. ప్రణాళికా సంఘం ఇంకా పనిచేస్తున్నట్టు రాసి ఉంటే మొత్తం పుస్తకమే వదిలేయండి, 2015 జనవరిలో దాని స్థానంలో నీతి ఆయోగ్ వచ్చేసింది.

అందరూ వదిలేసేది పత్రికల విభాగం. కేంద్ర ప్రభుత్వ మాసపత్రిక యోజన తెలుగు సంచిక తెప్పిస్తున్నారేమో అడగండి. కొత్త నెలది బల్ల మీద ఉంటుంది, పాతవి కట్టలు కట్టి పైన పెడతారు. గడిచిన ఏడాది సంచికలు 12 వరసగా తిరగేస్తే ఆర్థిక సర్వే, పథకాలు, బడ్జెట్ అన్నీ ఒకచోట పడతాయి. వాటిని ఇంటికి ఇవ్వకపోవచ్చు, అక్కడే నోట్సు రాసుకోవాలి. పేపర్లో ఉద్యోగ ప్రకటన కనబడితే ఫొటో తీసుకోండి, చించకండి. ఆ ముక్క వెనక ఇంకొకరికి కావలసిన వార్త ఉంటుంది.

లేని పుస్తకం తెప్పించుకోవడానికి నోటి మాట పనికిరాదు. సూచనల రిజిస్టరు ఉంటే అందులో రాయండి, లేకపోతే తెల్లకాగితం మీద ఇలా:

పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, కూర్పు, అచ్చయిన ఏడాది, ధర, ఐఎస్‌బీఎన్ (వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గర ఉండే పుస్తకం గుర్తింపు సంఖ్య). కింద "ఈ పుస్తకం ఈ శాఖలో ఎంతమందికి అవసరం" అని ఒక్క వాక్యం, చదువుకునే నలుగురైదుగురి సంతకాలు, సభ్యత్వ నంబర్లు. రెండు కాపీలు. ఒకటి శాఖలో ఇచ్చి రెండోదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి, దాని నకలు జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పంపండి.

ఐఎస్‌బీఎన్, ధర లేని కోరికలు పక్కన పడతాయి. కొనుగోలు జాబితా తయారు చేసేవాళ్ళు ఒక్కో పుస్తకానికీ అవన్నీ వెతుక్కుంటూ కూర్చోరు. ఒకేసారి 30 పుస్తకాలు రాయకండి, ఆరేడు రాయండి, ముందు కావలసింది పైన. ఇంకో మాట. శాఖ లైబ్రేరియన్ చేతిలో కొనే అధికారం దాదాపు ఉండదు. పుస్తకాలు జిల్లా నుంచి వస్తాయి, కొన్ని కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పథకాల కింద వస్తాయి. మీరడిగింది ఈ వారమే రాలేదని ఆయన మీద విసుక్కుని లాభం లేదు.

రాజోలు రెక్క

ఇంత తతంగం ఎందుకండీ? టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లన్నీ దొరుకుతున్నాయి.

ప్రిలిమ్స్ బెంచీ

దొరుకుతాయి. అందులో సగానికి కూర్పు పేజీ ఉండదు, ఏ ఏడాదిదో తెలియదు. నేను పైన రాసిన జిల్లాల లెక్క పెట్టి చూడండి, ఎన్ని నిలబడతాయో. పైగా అమ్మకంలో ఉన్న పుస్తకాన్ని స్కాన్ చేసి పంచడం చట్టరీత్యా తప్పు. ఇక్కడ లింకులు పెట్టకండి.

అరలు సర్దేవాడు

పుస్తకాల వెన్ను మీద నంబర్ల గురించి ఎవరూ చెప్పలేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్తే డ్యూయీ వర్గీకరణ నంబర్లు, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకి ఇచ్చే నంబర్లు, ఉండే అవకాశం ఎక్కువ. అవి తెలిస్తే ఎవర్నీ అడగకుండా అర దగ్గరికి నడిచిపోవచ్చు. గ్రూప్స్ వాళ్ళకి: 320 రాజకీయాలు, 330 ఆర్థికం, 340 చట్టం, 910 భూగోళం, 954 భారత చరిత్ర. ఇంట్లో వాళ్ళకి: 610 వైద్యం, 630 వ్యవసాయం, 641 వంట. తెలుగు భాష 494.827, తెలుగు సాహిత్యం 894.827. దాని పక్కన ఇంకో అంకె చేరితే ప్రక్రియ తెలుస్తుంది: 894.8271 కవిత్వం, 894.8272 నాటకం, 894.8273 కథలు, నవలలు. నాయనమ్మ గారి అర ఈ చివరిదే. నంబరు కింద ఉండే అక్షరాలు సాధారణంగా రచయిత పేరులోవి, కాబట్టి ఒకే రచయిత నవలలన్నీ పక్కపక్కనే ఉంటాయి.

చిన్న శాఖల్లో ఈ నంబర్లు వేసి ఉండకపోవచ్చు. అక్కడ యాక్సెషన్ నంబరే దిక్కు. అది పుస్తకం గ్రంథాలయానికి వచ్చిన వరస సంఖ్య, విషయంతో సంబంధం లేదు. 4,210 పక్కన 4,211 ఉందంటే రెండూ ఒకదాని వెనక ఒకటి రిజిస్టరులో ఎక్కాయని అర్థం, అంతే. ఒకటి వంటల పుస్తకం, ఇంకోటి భగవద్గీత కావచ్చు. ఈ తేడా తెలియక "ఇదేం సర్దుడు" అని తిట్టుకునేవాళ్ళు చాలామంది.

కొత్త చదువరి

చాలా సంతోషమండీ అందరికీ. నిన్న సాయంత్రం వెళ్ళాను. ఫారం ఇచ్చారు, ఓనరు గారి సంతకం కావాలన్నారు, మీరు చెప్పినట్టే. నాయనమ్మ అడిగిన ఒక నవల రిజిస్టరులో ఉంది గానీ బీరువాలో లేదు. "ఎక్కడో ఉండాలి" అన్నారు. ఇలాంటప్పుడు ఏం చేయాలి? ఇంకో పుస్తకం దొరికింది, అందులో పది పేజీలు ఊడి చేతికొచ్చాయి. సెల్లోటేపు వేసి ఇద్దామనుకుంటున్నాను.

పాత బీరువా

టేపు వద్దు! చేతిలో ఉంటే పక్కన పెట్టేయండి.

ముందు కనబడని నవల సంగతి. రిజిస్టరులో పేరు ఉన్నంత మాత్రాన పుస్తకం అరలో ఉన్నట్టు కాదు. ఆ పద్దు చివర "రిమార్కులు" గడి చూడమనండి. చిరిగిపోయి రద్దు చేసినా, పోయిందని తేల్చినా అక్కడ రాసి ఉంటుంది. ఏమీ రాయలేదంటే నాలుగు చోట్ల వెతకాలి. ఇష్యూ కార్డుల వరసలో, అంటే ఎవరి దగ్గరైనా ఉందేమో. బైండింగుకి కట్టిన కట్టల్లో. తిరిగొచ్చి ఇంకా సర్దని పుస్తకాల బల్ల మీద. ఆ తర్వాత అదే బీరువాలో పై అరలోనూ కింద అరలోనూ, పుస్తకాల వరస వెనక పడిపోయిన సందులోనూ. ఈ చివరి చోటే ఎక్కువగా దొరుకుతాయి. లోతైన ఇనప బీరువాలో ముందు వరస నెట్టితే సన్నటి నవల వెనక్కి జారిపోతుంది, పై నుంచి చూస్తే కనబడదు. చెయ్యి పెట్టి తడమాలి.

అట్ట పోయి పేరు తెలియని పుస్తకం దొరికితే పేజీలు తిప్పుతూ వెళ్ళండి. చాలా గ్రంథాలయాలు టైటిల్ పేజీతో పాటు లోపల ఒక నిర్ణీత పేజీ మీద కూడా ముద్ర వేసి యాక్సెషన్ నంబరు రాస్తాయి. ప్రతి పుస్తకంలోనూ అదే పేజీ. అట్ట, మొదటి పేజీలు చింపేసినా పుస్తకం ఎవరిదో తెలియాలని పెట్టుకున్న ఏర్పాటు. ఆ నంబరు రిజిస్టరులో చూస్తే పేరు బయటపడుతుంది.

ఇప్పుడు ఊడిన పేజీలు. సెల్లోటేపు జిగురు కొన్నాళ్ళకి పసుపుగా మారి కాగితంలోకి ఇంకుతుంది. పైన ప్లాస్టిక్ పొర ఎండి ఊడిపోతుంది, కింద అక్షరాల మీద మరక మిగిలిపోతుంది. ఆ తర్వాత బైండరు కూడా ఏమీ చేయలేడు. ఫెవికాల్ కూడా వద్దు, ఎండాక బిర్రబిగుసుకుని పక్క పేజీని చింపుతుంది.

అన్నిటికంటే మంచి పని, పేజీలు వరసలో పెట్టి పుస్తకంలోనే ఉంచి, పలచటి నూలు దారంతో బయటినుంచి ఒక చుట్టు కట్టి, "ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ దాకా ఊడాయి" అని చీటీ పెట్టి ఇచ్చేయడం. రబ్బరు బ్యాండు వేయకండి, అంచుల్ని కోసేస్తుంది, ఎండకి కరిగి అంటుకుంటుంది. తీసుకునేటప్పుడే ఇలా ఉంటే ఇష్యూ చేసే ముందు చూపించండి, లేకపోతే మీరే ఊడగొట్టారంటారు.

మీరే అతికించాలని పట్టుదల ఉంటే లైబ్రేరియన్‌ని అడిగి చేయండి. మైదా జిగురు: ఒక వంతు మైదాకి ఐదారు వంతుల నీళ్ళు. ముందు కొద్ది చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలుపుకుని, మిగతా నీళ్ళు పోసి సన్న సెగ మీద తిప్పుతూ ఉండాలి. తెల్లగా ఉన్నది కొంచెం గాజులా మారి గరిటెకి పట్టుకోగానే దించేయండి. బైండర్లు పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం వేస్తారు. అది విషం, వంటగిన్నెలో కలపకండి, పిల్లలకి అందనివ్వకండి. ఒకటి రెండు పేజీలకైతే అది లేకుండానే అప్పటికప్పుడు కాచుకుని వాడి, మిగిలింది పారబోయండి.

చిరుగు మీద పలచటి టిష్యూ కాగితం (చేతులు తుడుచుకునేది కాదు) పట్టీ వేయాలి. కత్తెరతో కోయకుండా తడి గీత గీసి చేత్తో చింపితే అంచు మెత్తగా ఉండి కలిసిపోతుంది. ఊడిన పేజీకైతే వెన్ను వైపు అంచున 3 మిల్లీమీటర్లకి మించకుండా జిగురు రాయండి. ఎక్కువ రాస్తే పక్క పేజీ అక్షరాల దాకా అంటుకుపోతుంది. రెండు వైపులా నూనె కాగితం పెట్టి, పైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. ఎండలో పెట్టకండి, కాగితం వంకర తిరుగుతుంది.

పాత సంచికలు

నాయనమ్మ గారి ప్రశ్న మిగిలిపోయింది.

ముందు ఒక తేడా. వారపత్రికలో వచ్చిన సీరియల్, తర్వాత పుస్తకంగా వచ్చిన నవల ఒకేలా ఉంటాయని లేదు. పుస్తకం చేసేటప్పుడు భాగాలు కత్తిరించినవీ, ముగింపు మార్చినవీ ఉన్నాయి. ఆమెకి బొమ్మలతో సహా ఆ పత్రికే కావాలంటే శాఖలో దొరకదు, పెద్ద గ్రంథాలయాలకి వెళ్ళాలి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నాటిది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్ళే చోటు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. వీటిలో పాత సంచికలు ఇంటికివ్వరు, అక్కడే చూసుకోవాలి. వెళ్ళేముందు పత్రిక పేరు, ఏడాది, నెల రాసుకుని ఫోన్ చేసి అడగండి. బౌండు సంపుటం (సంచికలన్నీ కలిపి బైండు చేసినది) తీసి ఉంచితే మీకు సగం రోజు మిగులుతుంది. జిరాక్సుకి బౌండు పుస్తకాన్ని బోర్లా పడేసి నొక్కితే వెన్ను విరుగుతుంది, కాబట్టి చాలా చోట్ల ఒప్పుకోరు. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీసుకోవడానికి అనుమతి అడగండి.

ఇంట్లో కూర్చుని చదవడానికైతే పాత పుస్తకాల్ని స్కాన్ చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్‌లు. ఆ పాత సైటు ఇప్పుడు లేదు గానీ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో (archive.org) ఉన్నాయి, వాటి గుర్తు "in.ernet.dli.2015" అని మొదలవుతుంది. ఇక్కడ చిక్కేమిటంటే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్ళు టైపు చేశారు. దీర్ఘానికి ఒకచోట ఒక 'ఏ', ఒకచోట రెండు. 'థ'కి 'హెచ్' ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చివర 'ము' ఉండొచ్చు, దాని బదులు సున్నా ఉండొచ్చు. తెలుగు లిపిలో వెతికితే చాలా పుస్తకాలు తగలవు. పేరులోని ఒక్క ముక్క, గందరగోళం తక్కువ ఉన్నది, తీసుకుని నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకండి, భాష తెలుగు అని వడపోయండి. రచయిత ఇంటిపేరుతో విడిగా ఇంకోసారి. దొరికాక మొదటి ఐదు పేజీలు, చివరి ఐదు పేజీలు తెరిచి చూశాకే దించుకోండి. పైన ఒక పేరు, లోపల ఇంకో పుస్తకం ఉన్నవీ, చివరి అధ్యాయం లేనివీ ఉన్నాయి. డిటెక్టివ్ నవలకి చివరి పేజీలు లేకపోతే నాయనమ్మ ఊరుకోరు!

భారత జాతీయ డిజిటల్ లైబ్రరీ అని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు నడిపేది కూడా చూడండి, ఉచితమే. గ్రూప్స్ వాళ్ళకీ పనికొస్తుంది. అయితే అది ఎక్కువగా వేరే చోట్ల ఉన్నవాటికి దారి చూపే సూచిక. నొక్కాక ఏదో విశ్వవిద్యాలయం లాగిన్ అడిగితే అది మనకి తెరుచుకోదని వదిలేసి పక్కదానికి వెళ్ళండి.

కాపీహక్కు లెక్క: రచయిత పోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు. 1960లో పోయినవారి రచనలు 2021 జనవరి 1 నుంచి అందరివీ. రచయిత బతికుండగా వచ్చిన పుస్తకమైతే అచ్చయిన ఏడాదితో పని లేదు. 1955లో అచ్చయినా రచయిత 1990 దాకా బతికుంటే ఇంకా హక్కులున్నట్టే.

అక్షరాల సంగతి. స్కాన్ అంటే బొమ్మ. ఫోన్లో పెద్దది చేస్తే పక్కకి జరుపుకుంటూ చదవాలి, పెద్దవాళ్ళకి విసుగు. 10 అంగుళాల ట్యాబ్ అడ్డంగా పట్టుకుని, అంచుల తెల్లభాగం కత్తిరించే సదుపాయం ఉన్న పీడీఎఫ్ యాప్‌లో తెరిస్తే వరస మొత్తం తెర వెడల్పులో పడుతుంది. తెలుగు వికీసోర్స్‌లో ఉన్న పుస్తకమైతే ఇంకా హాయి, అది టైపు చేసిన పాఠం. అక్షరం ఎంత పెంచినా వరస మారుతుంది గానీ తెగదు, ఫోన్‌లోని తెలుగు గొంతు చేత చదివించుకోవచ్చు కూడా. స్కాన్‌ని చదివించాలంటే ముందు పాఠంగా మార్చాలి. పేజీ బొమ్మని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు వస్తాయి. ఫైలు 2 ఎంబీ లోపు ఉంచండి, పేజీ వంకరగా ఉంటే నిలబెట్టండి. పాత అచ్చులో ఒత్తులు చెదిరిన చోట తప్పులు తప్పవు. రెండు కాలమ్‌ల పత్రిక పేజీని అలాగే ఇస్తే ఎడమ వరసా కుడి వరసా కలిపి చదివేస్తుంది, కాబట్టి కాలమ్ కాలమ్‌గా కత్తిరించి ఇవ్వండి.

కంటిచూపు నిజంగా బాగా తక్కువై, అద్దాలతోనూ మామూలు అచ్చు చదవలేని స్థితైతే అలాంటివాళ్ళ కోసమే పెట్టిన గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయ ఉంది, ఆన్‌లైన్‌లో. వైకల్య ధ్రువీకరణతో, అందులో భాగమైన సంస్థ ద్వారా చేరాలి. వయసుతో వచ్చే, అద్దాలతో సరిపోయే మసకకి అది వర్తించదు.

పన్ను రసీదు

ఒక చిన్న మాట. మీరు సభ్యులు కాకపోయినా గ్రంథాలయానికి డబ్బు కడుతూనే ఉన్నారు. ఇంటి పన్ను బిల్లులో "గ్రంథాలయ పన్ను" అని విడిగా ఒక గడి ఉంటుంది, రూపాయికి 8 పైసలు. పన్ను 3,000 అయితే 240. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. ఆ జమ ఆలస్యమైన చోట పుస్తకాల కొనుగోలే ముందు ఆగిపోతుంది. జీతాలు, కరెంటు ఆపలేరు కదా. పుస్తకాల కోసం రాసే కాగితంలో మీ ఊరి నుంచి ఈ పద్దు కింద గత ఏడాది ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అని సమాచార హక్కు కింద అడిగి ఆ అంకెలు కూడా చేర్చండి, బరువు వస్తుంది. దరఖాస్తు రుసుము 10 రూపాయలు దాటదు, గ్రామ పంచాయతీ స్థాయిలో అదీ లేదు.

కొత్త చదువరి

నవల దొరికిందండీ. మీరన్నట్టే వెనక సందులో ఉంది, దానితో పాటు ఇంకో రెండు. ఊడిన పేజీల దాన్ని దారం కట్టి చీటీ పెట్టి ఇచ్చేస్తాను. ఒక్క సందేహం: వచ్చే ఏడాది ఊరు మారితే ఈ సభ్యత్వం అక్కడికి బదిలీ అవుతుందా, మళ్ళీ కట్టాలా?

పాత బీరువా

అదే జిల్లాలో ఇంకో శాఖకైతే లైబ్రేరియన్‌ని అడిగి చూడండి, డిపాజిట్ వెళ్ళేది సంస్థకే కాబట్టి కుదరొచ్చు. జిల్లా మారితే సంస్థే మారుతుంది, ఇక్కడ తీసేసుకుని అక్కడ కొత్తగా కట్టాలి. ఊరు వదిలే వారం వెళ్తే పని కాదు, తిరిగిచ్చే సొమ్ము మంజూరై రావాలి. ఓ రెండు నెలల ముందే పుస్తకాలన్నీ ఇచ్చేసి, రసీదు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకలు జతచేసి దరఖాస్తు పెట్టండి.